పతకం పొందిన మాజీ సైనికులు యుద్ధం గురించి ఎందుకు తక్కువ మాట్లాడతారు?

మాట్లాడతారు. మనం అడిగేదానికే జవాబివ్వరు. "ఎంతమందిని చంపావు?" అంటే ఏం చెబుతారు!

పలాస దగ్గర ఉండే మా చిన్నాన్నకు కార్గిల్‌లో చూపిన తెగువకు సేనా పతకం వచ్చింది. ఆయన 1999 గురించి చెప్పేదంతా చీకట్లో కొండ ఎక్కడం గురించే. పైనున్న శత్రువుకు పగలు అంతా కనబడుతుంది కనుక దాడులు ఎక్కువగా రాత్రిపూటే సాగేవి. అక్కడి కొండల్లో ఒకటైన టైగర్ హిల్ ఎత్తు సుమారు 5,000 మీటర్లు. నాలుగడుగులకే ఊపిరి అందదు. వేళ్లు కొంకర్లు పోయి, బూటు లేసు పక్కవాడి చేత కట్టించుకున్నారట. ఆ పక్కవాడు తిరిగి రాలేదు. అక్కడితో ఆపేస్తారు, మేమూ పొడిగించము.

నన్నడిగితే, అసలు కష్టం తరువాతిది. చాలామంది సిపాయిలు నలభై ఏళ్లు నిండకముందే ఇంటికి వచ్చేస్తారు. పింఛను ఉంటుంది. శౌర్యానికి ఇచ్చిన సేనా పతకానికి నెలనెలా కొంత భృతి కూడా వస్తుంది. పిల్లల కాలేజీ ఫీజుల ముందు అవి ఏ మూలకు? చిన్నాన్న జీడిపప్పు పరిశ్రమలో రాత్రి కాపలాకు కుదిరినప్పుడు, పతకం ఉన్నవాడికి ఇదేం పని అని ఊళ్లోవాళ్లు నొచ్చుకున్నారు. ఆయన మాత్రం జీతం ఏ తేదీన ఇస్తారో కనుక్కుని చేరిపోయారు.