కొత్త అక్వేరియం ట్యాంకులో నాచు వచ్చిందని టెన్షన్ పడకు

చిన్నా,

ఫొటోలు చూశాను. అద్దం మీద, ఇసుక మీద గోధుమరంగు పొర, వేలితో రాస్తే ఇట్టే వచ్చేస్తోంది అన్నావు కదా, అవి డయాటమ్స్, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు జీవులు. ట్యాంకు పెట్టి మూడు వారాలే అయింది, ఇప్పుడు అవి రావడం మామూలే. మెత్తటి గుడ్డతో తుడిచేయి, ట్యాంకు కుదురుకునే కొద్దీ చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి.

మొత్తం ఖాళీ చేసి కడిగేద్దామన్న ఆలోచన మాత్రం మానుకో. నా మొదటి ట్యాంకుకి నేను అదే చేశాను. ఫిల్టర్‌లో అప్పుడప్పుడే స్థిరపడుతున్న మంచి బ్యాక్టీరియా అంతా కుళాయి నీళ్లకి పోయింది, మళ్ళీ మొదటికొచ్చింది, రెండోసారి నాచు ఇంకా దట్టంగా పట్టింది.

అసలు సంగతేంటంటే, నీ మొక్కలు ఇంకా తేరుకోలేదు. చాలా మొక్కల్ని నర్సరీల్లో ఆకులు నీళ్లలో మునగకుండా పెంచుతారు, అందుకే మునిగాక పాత ఆకులు కుళ్లి ఊడిపోతాయి. క్రిప్టోకొరైన్ మొక్క అయితే ఒక్కోసారి పూర్తిగా కరిగిపోయినట్టు కనిపిస్తుంది, అయినా పీకేయకు, వేరు గట్టిగా ఉంటే మళ్ళీ చిగురేస్తుంది. కుళ్లిన ఆకుల్ని మాత్రం ఎప్పటికప్పుడు తీసేయాలి, వాటి నుంచి అమ్మోనియా పుడుతుంది. పైన పది గంటలు లైటు, నీళ్లలో అమ్మోనియా, వాటిని వాడుకునే శక్తి మొక్కలకి ఇంకా లేదు, నాచుకి కావలసింది సరిగ్గా ఇదే.

కాబట్టి ముందు లైటు ఆరు గంటలకి తగ్గించు, టైమర్ పెట్టు, నేరుగా ఎండ పడే కిటికీ పక్క నుంచి ట్యాంకు జరుపు. మొదటి నెలంతా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 30 నుంచి 50 శాతం నీళ్లు మార్చు, క్లోరిన్ తీసిన నీళ్లే పోయాలి సుమా. నువ్వు నాటిన మొక్కలు మరీ పలచగా ఉన్నాయి, నాకు నచ్చనిది అదొక్కటే. హార్న్‌వర్ట్, వాటర్ స్ప్రైట్, హైగ్రోఫిలా లాంటి త్వరగా పెరిగేవి గుబురుగా పెట్టు, తర్వాత కావాలంటే తీసేయొచ్చు.

దారాల్లా పట్టే పచ్చ నాచు వస్తే టూత్‌బ్రష్‌కి చుట్టి లాగేయి. నీలం కలిసిన ఆకుపచ్చ జిగురు తెరలా పరుచుకుని కంపు కొడితే అది నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. చేత్తో తీయగలిగినంత తీసి, మూడు రోజులు ట్యాంకుని పూర్తిగా చీకట్లో ఉంచి, ఆ తర్వాత ఎక్కువ నీళ్లు మార్చు.

నాచు మందు పోయకు. చచ్చిన నాచంతా నీళ్లలోనే కుళ్లుతుంది, కొన్ని మందులు రొయ్యలకీ ప్రమాదమే. అక్వేరియంలలో నాచు తినడానికి జపాన్‌కు చెందిన తకాషి అమానో ప్రచారంలోకి తెచ్చిన అమానో రొయ్యలున్నాయి, అవి నిజంగానే బాగా పనిచేస్తాయి, కానీ నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించే దాకా వాటినీ చేపల్నీ వదలకు, పాపం ప్రాణాలు పోతాయి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు.

ఈ వారం రెండుసార్లూ నీళ్లు మార్చాక అదే మూల నుంచి ఇంకో ఫొటో తీసి పంపు.

నీ బాబాయ్