డాక్టర్ సలహా: అతికిన చెయ్యి పని అడుగుతోంది

ప్రశ్న: నా వయసు 58. విశాఖపట్నంలో గాజువాక దగ్గర ఉంటాం. మూడు నెలల కిందట తడి గచ్చు మీద జారి పడితే కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు ఉంచారు. ఎముక అతికిందన్నారు కానీ చెయ్యి బిగుసుకుపోయింది, సన్నబడింది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్ను దగ్గర టి-స్కోరు (యువ వయసువారి ఎముకతో పోల్చి చెప్పే లెక్క) మైనస్ 1.9 వచ్చింది. ఎముకలు పలచబడ్డాయి కాబట్టి బరువులు ఎత్తవద్దని, మెట్లు ఎక్కవద్దని ఇంట్లో అందరూ అంటున్నారు. ఒత్తిడిని కణాలు ఎలా గుర్తిస్తాయో కనిపెట్టిన శాస్త్రవేత్తకు నోబెల్ వచ్చిందని, దాంతో ఎముకలకు మాత్ర కూడా వచ్చిందని మా అబ్బాయి చెబుతున్నాడు. నిజమేనా? సింహాచలం మెట్లు ఎక్కుతానని మొక్కుకున్నాను. ఎక్కవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ మాత్ర ఇంకా రాలేదు. అయితే మీ అబ్బాయి చదివిన పరిశోధనలో మీ చేతికి పనికొచ్చే సంగతి ఉంది. అది తెలిస్తే మీ ఇంట్లోవాళ్ల సలహా ఎందుకు వినకూడదో మీకే అర్థమవుతుంది.

ఆ శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్. బీరుట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. ఆయన బృందం ఎలుక కణాలను తీసుకుని, సన్నని గాజు గొట్టం మొనతో ఒక్కో కణాన్ని మెల్లగా నొక్కింది. నొక్కగానే కణంలో చిన్న విద్యుత్ ప్రవాహం పుట్టింది. అది ఏ జన్యువు వల్ల పుడుతోందో తేల్చడానికి అనుమానం ఉన్న 72 జన్యువులను ఎంచుకుని, ఒక్కొక్కదాని నోరు మూయిస్తూ పోయారు. దాదాపు జాబితా అంతా అయిపోయింది. చిట్టచివరి జన్యువును ఆపినప్పుడు కణం స్పందించడం మానేసింది. 2010లో వెలువడిన ఈ పరిశోధనలో ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌కు పియెజో-1 అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఒత్తిడి అనే మాట నుంచి వచ్చిన పేరది. దాని తోబుట్టువు పియెజో-2. 2021లో పటపూటియన్, వేడిని నరాలు ఎలా గుర్తిస్తాయో కనిపెట్టిన డేవిడ్ జూలియస్ కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

పియెజో అంటే కణం పొర మీద ఉండే ఒక ద్వారం. మూడు రెక్కల ఫ్యాను ఆకారంలో ఉంటుంది. పొర సాగితే రెక్కలు చదునై మధ్యలో దారి తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికి వెళ్తుంది. ఎవరో తాకినట్టు తెలియడం, మూత్రాశయం నిండినట్టు తెలియడం, కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో తెలియడం, వీటన్నిటికీ పియెజో-2 కావాలి.

ఇక మీ ఎముక సంగతి. ఎముక అంటే రాయి లాంటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని లోపల లక్షల కణాలు చిన్న చిన్న గూళ్లలో ఉంటాయి. గూటికీ గూటికీ మధ్య వెంట్రుక కన్నా సన్నని కాలువలు, వాటిలో ద్రవం. మీరు అడుగు వేసినప్పుడు ఎముక కంటికి కనిపించనంత వంగుతుంది, కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆ ఒరిపిడిని కణాలు గుర్తుపడతాయి. ఎముక కణాల్లో పియెజో-1 లేకుండా చేసిన ఎలుకల ఎముకలు బలహీనంగా తయారయ్యాయి. ఎముక మీద బరువు పడనప్పుడు ఆ కణాలు స్క్లెరోస్టిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతాయి. కొత్త ఎముక కట్టే పనిని అది ఆపేస్తుంది. బరువు పడితే అది తగ్గుతుంది, పని మళ్లీ మొదలవుతుంది. అంతరిక్షంలో తేలుతూ ఉండే వ్యోమగాములు తుంటి ఎముకలో నెలకు దాదాపు 1 నుంచి 1.5 శాతం పోగొట్టుకునేది ఇందుకే.

కట్టు విప్పిన రోజున నేను రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టమంటాను. ఒక ముంజేయి మామూలుగా ఉంటుంది. రెండోది పొలుసులు కట్టిన చర్మంతో, కండ కరిగి, పుల్లలా ఉంటుంది. ఆరే ఆరు వారాల్లో అంత మార్పు! విరిగిన చోట విశ్రాంతి కావలసిందే, కానీ ఆ గడువు మీకు అయిపోయింది. ఇప్పుడు ఆ చేతిని కొంగు చాటున దాచుకుంటే ఎముక ఇంకా పలచబడుతుంది. ప్రేమకొద్దీ ‘నువ్వు కదలకు’ అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ మాట వల్ల మంచాన పడినవాళ్లను చూశాను.

ముందుగా ఒక ఎక్స్‌రే తీయించుకుని ఎముక గట్టిపడిందని మీ ఆర్థోపెడిక్ డాక్టరు చేత చెప్పించుకోండి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి వేళ్లు పూర్తిగా ముడిచి తెరవండి. చిన్న తువ్వాలును నీళ్లలో ముంచి పిండండి, వారం వారం కాస్త పెద్దది తీసుకోండి. రెండు మూడు వారాల్లో నొప్పి సద్దుమణిగాక గోడకు ఎదురుగా నిలబడి అరచేతులు ఆనించి మెల్లగా ముందుకు వాలండి. చపాతీ పిండి మీరే కలపండి, మణికట్టుకు అంతకన్నా మంచి వ్యాయామం లేదు. చేశాక కాసేపు లాగినట్టుంటే భయం లేదు. మర్నాటికీ నొప్పి, వాపు ఉంటే మోతాదు తగ్గించాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎముక కణాలు త్వరగా అలసిపోతాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, కొన్ని పదుల సార్లు బరువు పడ్డాక అవి స్పందించడం తగ్గించి, కొన్ని గంటల తర్వాతే మళ్లీ తేరుకున్నాయి. అందుకే ఒకేసారి గంట సేపు కష్టపడే బదులు పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చేయండి.

నడకకు బీచ్ రోడ్డు మంచిది. ఇసుకలో మాత్రం ఇప్పుడే వద్దు, కాలు మడతపడే ప్రమాదం ఉంది. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం రోజూ సాధన చేయండి, మీ ఎముక విరిగింది పడిపోవడం వల్లే కదా. బరువు పట్టుకుని ముందుకు వంగవద్దు, వెన్నుపూసలకు మంచిది కాదు.

మందుల విషయం. పియెజో-1ను తెరిచే యోడా-1 అనే రసాయనం ప్రయోగశాలలో ఉంది, మనుషులకు వాడే మందుగా రాలేదు. స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ మాత్రం ఉంది. ఎముకలు బాగా గుల్లబారినవాళ్లకు ఇస్తారు, ఈ మధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవాళ్లకు ఇవ్వరు. టి-స్కోరు మైనస్ 2.5 దాకా వస్తే ఎముకలు గుల్లబారినట్టు లెక్క, మీరు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. అయినా నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగింది కాబట్టి మందు కావాలో వద్దో డాక్టరును తప్పకుండా అడగండి. విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్ చూపించుకోండి. రాగులు, పాలు, చిన్న చేపలు తినండి.

బొటనవేలు పైకి లేవకపోయినా, మొదటి మూడు వేళ్లు మొద్దుబారినా, చెయ్యి మంటగా ఉండి రంగు మారినా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి. అతికిన ఎముక పక్కనే నరం నలగడం, స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడు) తెగడం జరగవచ్చు.

మెట్ల మొక్కు తీర్చుకోవచ్చు, ఈ నెలలో కాదు. ముందు ఇంట్లో రెండంతస్తుల మెట్లు రోజూ ఎక్కి అలవాటు చేసుకోండి. మోకాళ్లు, ఊపిరి సహకరిస్తున్నాయనిపించాక ఎండ ఎక్కకముందే బయలుదేరండి, జారని చెప్పులు మెట్ల దాకా వేసుకోండి, మీ అబ్బాయిని పక్కన నడవమనండి. నడుమ కూర్చుంటూ ఎక్కండి. దిగేటప్పుడు మాత్రం బస్సులో రండి, కాలు తడబడేది ఎక్కువగా దిగేటప్పుడే.