మరిది వీర్యం తీసుకోమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, మా వారికి 34. పెళ్లయి నాలుగేళ్లు. నా పరీక్షలన్నీ బాగున్నాయి. మా వారి రిపోర్టులో వీర్యకణాలు అసలు లేవని వచ్చింది. నలుగురిలో తలెత్తుకోలేనని ఆయన బతిమాలితే లోపం నాదేనని ఇంట్లో చెప్పాం. అప్పట్నుంచి నన్ను శ్రీమంతాలకు పిలవడం మానేశారు. ఇప్పుడు అసలు సంగతి అత్తగారికి తెలిసింది. మరిది వీర్యంతో కంటే మన రక్తమే కదా, మూడో కంటికి తెలియదు అంటున్నారు. మా వారు ఔననరు, కాదనరు. నాకు మనసొప్పడం లేదు.
- ఒక సోదరి, వరంగల్

జవాబు: మీకు మనసొప్పనప్పుడు ఆ మాట అక్కడితో ఆగిపోవాలి. చట్టం కూడా మీ పక్షానే ఉంది. 2021 ఏఆర్‌టీ (కృత్రిమ సంతాన చికిత్సల) చట్టం ప్రకారం దాత వీర్యాన్ని క్లినిక్ రిజిస్టరైన బ్యాంకు నుంచే తీసుకోవాలి. మీ ఇద్దరి రాతపూర్వక సమ్మతి లేనిదే చికిత్స చేయకూడదు. సంతకం పెట్టాక కూడా, వీర్యాన్ని గానీ పిండాన్ని గానీ గర్భాశయంలోకి పంపేదాకా మీలో ఎవరైనా ఆ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. చట్టం అలా ఉంచండి. పండగకు అందరూ కూడినప్పుడు బిడ్డది బాబాయి పోలికేనని ఎవరో యథాలాపంగా అంటే మీ ముగ్గురికీ ముద్ద దిగదు. రేపు ఆస్తి పంపకాల్లో మాటామాటా పెరిగితే ఈ రహస్యమే ముందు బయటపడుతుంది.

అయినా దాత దాకా వెళ్లాలో లేదో ఇంకా తేలలేదు. ఒక్క రిపోర్టుతో కణాలు లేవని నిర్ధారించరు. కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించండి. పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం కాకూడదు. నమూనా కొంత ఒలికిపోయినా, మామూలు కండోమ్‌లో తీసినా, ల్యాబుకు చేరడానికి గంట దాటినా ఫలితం నమ్మలేం. ల్యాబు వాళ్లు నమూనాను సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పే యంత్రంలో) తిప్పి అడుగున చేరినదాన్ని కూడా చూడాలి. అప్పుడూ లేకపోతే ఆండ్రాలజిస్టు (మగవారి సంతాన సమస్యల డాక్టరు) వృషణాలు పరీక్షించి, రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ హార్మోన్లు చూస్తారు. దారి మూసుకుపోయి కణాలు బయటికి రాకపోతే, సూదితో వృషణం నుంచే తీసి ఇక్సీ (ఒక్కో కణాన్ని నేరుగా అండంలోకి పంపే పద్ధతి) చేయవచ్చు. ఉత్పత్తే తగ్గితే క్రోమోజోమ్, వై మైక్రోడిలీషన్ (వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్కలు లోపించాయేమో చూసే) పరీక్షలు ముందు అవసరం. కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకున్నారేమో తప్పక అడగండి. అవి కణాల ఉత్పత్తినే ఆపేస్తాయి. డాక్టరు పర్యవేక్షణలో మానేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి మొదలవుతుంది.

మీ వారి మౌనాన్ని అంగీకారంగా తీసుకోవద్దు. కణాలు లేకపోవడానికీ మగతనానికీ సంబంధం లేదని డాక్టరు నోటే ఆయన వినాలి. క్లినిక్ కౌన్సెలర్‌తో ముందు విడివిడిగా, తర్వాత కలిసి మాట్లాడండి. దాత వీర్యమే దారైతే, పుట్టిన బిడ్డ చట్టప్రకారం మీ ఇద్దరి బిడ్డే. బిడ్డకు ఆ సంగతి చెప్పాలా, ఏ వయసులో చెప్పాలా అన్నది సంతకానికి ముందే మాట్లాడుకోవాలి.

ఇక మీ మీద వేసుకున్న నింద. ఆయన పరువు కాపాడటం ప్రేమే, కానీ అది మీరొక్కరే మోయాల్సిన బరువు కాదు. “ఇద్దరం చికిత్సలో ఉన్నాం, వివరాలు మా మధ్యే ఉంటాయి” అని బంధువులకు మీ వారే చెప్పాలి. మరిది ప్రస్తావన మళ్లీ తేవద్దని వాళ్లమ్మకు చెప్పాల్సిందీ ఆయనే. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.