ఓదార్చే చేతికి సూది పట్టడం కూడా రావాలి

ప్రశ్న: నేను పన్నెండో తరగతి చదువుతున్నాను. పోయిన ఏడాది మా తమ్ముడి కాలు విరిగి ఆపరేషన్ జరిగితే వాడికి తోడుగా ఆసుపత్రిలో ఉన్నాను. వాడికి ఐదేళ్లు. అక్కడ ఒక నర్సు వాడి బొమ్మకు ముందు కట్టు కట్టి, ఆ తర్వాతే వాడి దగ్గరకు వచ్చేవారు. ఆమె డ్యూటీలో ఉంటే వాడు ఏడ్చేవాడు కాదు. జబ్బుపడిన పిల్లలకు ధైర్యం చెప్పే పని చేయాలని అప్పటినుంచి నా కోరిక. అమ్మ మాత్రం "నర్సు అంటే ఇంజెక్షన్లు, పక్కబట్టలు, రాత్రి డ్యూటీలు. నీకు కావలసింది అది కాదు, సైకాలజీ చదువు" అంటోంది. పైగా ఎవరైనా ఏడిస్తే నాకూ ఏడుపు వస్తుంది. నన్ను ఏది చదవమంటారు?

జవాబు: అమ్మా, ఆ నర్సు నీ తమ్ముడిని నవ్వించడానికి బొమ్మతో ఆడారని అనుకున్నావేమో. అది నేర్చుకుని చేసే పని. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు జరగబోయేది కళ్లతో చూసి చేత్తో తాకితేనే అర్థమవుతుంది. మాటలతో సరిపెడితే వాళ్లు ఊహించుకునేది అసలు సంగతి కంటే భయంకరంగా ఉంటుంది. రక్తం తీస్తారంటే ఒంట్లో ఉన్నదంతా తీసేస్తారని అనుకునే పిల్లలు ఉంటారు. అందుకే ముందు బొమ్మకు చేసి చూపిస్తారు, సూది లేని సిరంజిని పిల్లవాడి చేతికే ఇచ్చి బొమ్మకు మందు వేయమంటారు. వాడు ఎంత గట్టిగా పొడుస్తున్నాడో, బొమ్మతో ఏం మాట్లాడుతున్నాడో గమనిస్తే వాడి మనసులో ఉన్నది బయటపడుతుంది. "అల్లరి చేశావు కదా, అందుకే నీకు సూది" అని బొమ్మను గదమాయించే పిల్లవాడు నిజానికి తన గురించే చెబుతున్నాడు. జబ్బు తాను చేసిన తప్పుకు శిక్ష అనుకోవడం ఆ వయసులో చాలా మామూలు. అది విన్న నర్సు "నీ కాలు విరగడం నీ తప్పు కాదు" అని చెప్పాలి. అదీ ఒక్కసారి చెప్పి ఊరుకుంటే చాలదు, మరునాడు కట్టు మార్చేటప్పుడూ చెప్పాలి.

మీ అమ్మగారు ఇంజెక్షన్లను ఒక పక్కన, ధైర్యం చెప్పడాన్ని మరో పక్కన పెట్టారు. చాలామంది తల్లిదండ్రులు అలాగే అనుకుంటారు. పిల్లల వార్డులో ఆ రెండూ ఒకే చేతి మీదుగా జరుగుతాయి. నాలుగేళ్ల పాపకు సెలైన్ ఎక్కించడానికి నరంలో కాన్యులా అనే సన్నని గొట్టం పెట్టాలనుకో. నొప్పి తెలియకుండా చేసే క్రీము చర్మం మీద రాసి సుమారు గంటసేపు ఉంచితేనే పనిచేస్తుంది. అంటే, అత్యవసరం కానప్పుడు, ఆ పాపకు నొప్పి తగ్గించే పని గంట ముందే మొదలవ్వాలి. పది పనుల మధ్య ఆ క్రీము సంగతి మరిచిపోకుండా ఉండడమే ఆ నర్సు చూపే మొదటి దయ.

ఆ తర్వాత పాపను వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం కాకుండా, తల్లి ఒళ్లో, తల్లి గుండెకు ఆనుకునేలా కూర్చోబెట్టి ఒక్క చేయి మాత్రం బయటకు చాపిస్తారు. కదలకుండా పట్టుకునేది అమ్మ కౌగిలే. "సూది వేయనా?" అని అడగరు, వద్దంటే మానలేరు కనుక. "ఏ చేతికి వేయమంటావు?" అని అడుగుతారు, ఆ నిర్ణయం నిజంగా పాప చేతిలో ఉంది కనుక. "నొప్పే ఉండదు" అని మభ్యపెట్టరు. "కాస్త చురుక్కుమంటుంది, అప్పుడు ఈ సబ్బు బుడగలు గట్టిగా ఊదు" అంటారు. ఒక్క అబద్ధం దొరికిందంటే, తర్వాత థర్మామీటరు పట్టుకుని వెళ్లినా పాప నమ్మదు. వీలున్నచోట ఇదంతా వేరే గదిలో చేస్తారు. పాపకు తన మంచం మీద ఉన్నంతసేపైనా భయం ఉండకూడదు కదా. ఇంత చేశాక కూడా, ఆ సన్నని నరం దొరకపుచ్చుకోవడం చేతకాకపోతే పాపను రెండోసారి, మూడోసారి పొడవాల్సి వస్తుంది. అప్పుడు ఎంత తీయగా మాట్లాడి ఏం లాభం?

ఆసుపత్రులకు ఈ తెలివిడి చాలా ఆలస్యంగా వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు ఎన్నో ఆసుపత్రులు తల్లిదండ్రులను పిల్లల దగ్గరకు ఎప్పుడో కాసేపు తప్ప రానిచ్చేవి కావు. వాళ్లు వచ్చి వెళ్లాక పిల్లలు ఏడుస్తున్నారు కాబట్టి అసలు రాకపోవడమే మేలన్నది అప్పటి వాదన. లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశీలకుడు ఆ వార్డుల్లో కూర్చుని పిల్లలను చూశాడు. తల్లికి దూరమైన పసివాళ్లు మొదట గోలచేసి ఏడుస్తారని, తర్వాత నిరాశలో కుంగిపోతారని, చివరికి బంధం తెగిపోయినట్టు ప్రవర్తిస్తారని ఆయన గుర్తించాడు. ఆ చివరి దశలో పిల్లవాడు ఎవరు పిలిచినా వెళతాడు, నవ్వుతాడు కూడా. తల్లి వస్తే మాత్రం పట్టించుకోడు. సిబ్బంది "అలవాటుపడ్డాడు" అని సంతోషించేది సరిగ్గా అప్పుడే. 1952లో ఆయన, రెండేళ్ల పాప ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులను కెమెరాతో చిత్రీకరించి వైద్యులకు చూపించాడు. చాలామందికి కోపం వచ్చింది. కానీ 1959లో బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను ఏ వేళలోనైనా రానివ్వాలని, చిన్నపిల్లల తల్లులకు ఆసుపత్రిలోనే ఉండే వీలు కల్పించాలని సిఫారసు చేసింది. 1988లో ఐరోపా దేశాల సంఘాలు లైడెన్ నగరంలో కలిసి రాసుకున్న పత్రంలో, తల్లిదండ్రులు ఎల్లవేళలా తోడుండడం ఆసుపత్రిలోని బిడ్డ హక్కు అన్నారు. నీ తమ్ముడి పక్కన నువ్వు ఉండగలగడం వెనక ఇంత పోరాటం ఉంది.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఏడవని పిల్లల గురించి నువ్వు ఇప్పుడే తెలుసుకోవాలి. నీ తమ్ముడు ఆ నర్సు మీది నమ్మకంతో ఏడవలేదు. పక్క మంచం మీది బాబు నిరాశతో ఏడవకపోయి ఉండవచ్చు. దాని అవతలి మంచం మీది పాపకు ఏడ్చే ఓపికే లేదేమో. పిల్లల శరీరం పెద్ద ప్రమాదంలో ఉన్నప్పుడు కూడా గుండె వేగం పెంచి, కాళ్లూ చేతులకు వెళ్లే రక్తాన్ని తగ్గించి, రక్తపోటు పడిపోకుండా చాలాసేపు నెట్టుకొస్తుంది. రక్తపోటు పడిపోయిందంటే అప్పటికే ఆలస్యమైందన్న మాట. అందుకని చల్లబడిన పాదాలు, నొక్కి వదిలాక రెండు సెకన్లు దాటినా రంగు తిరిగి రాని చర్మం, అమ్మ పిలిచినా తిరగని చూపు, వీటిని గంట గంటకూ కనిపెట్టే మనిషి మంచం దగ్గర ఉండాలి. ఒకే రకంగా కనిపించే ఈ మూడు మౌనాలనూ వేరుచేసి చూడగలిగితే తప్ప పిల్లల నర్సు పని పూర్తికాదు. నువ్వు కోరుకుంటున్న ఓదార్పు పని ఇక్కడే మొదలవుతుందని నా గట్టి అభిప్రాయం.

ఇక లెక్కలు. పిల్లల వార్డులో మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. పన్నెండు కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ ఇవ్వమని డాక్టరు రాస్తే 180 మిల్లీగ్రాములు. ఆ సిరప్‌లో ప్రతి 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటే ఇవ్వాల్సింది 7.5 మిల్లీలీటర్లు. ఆ చుక్కను గమనించకుండా 75 అని చదివితే పదింతల మోతాదు. తెల్లవారుజామున మూడింటికి, పక్క మంచం మీద బాబు ఏడుస్తుండగా ఈ లెక్క తప్పకుండా వేయాలి. నీకు లెక్కలంటే బద్ధకం ఉంటే ఈ సంవత్సరమే వదిలించుకో.

సైకాలజీ వద్దని నేను అనడం లేదు. ఆసుపత్రి పిల్లల మనసును చూసుకునే దారులు ఇంకా ఉన్నాయి. క్లినికల్ సైకాలజిస్టు చాలా ఏళ్లు చదివి, తీవ్రమైన భయాలు, కుంగుబాటు, దీర్ఘకాల జబ్బులతో నలిగిపోయిన పిల్లలను చూస్తారు. వాళ్లను సాధారణంగా సమస్య ముదిరాక పిలుస్తారు. చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు అని మరో వృత్తి ఉంది. ఆటల ద్వారా పిల్లలను చికిత్సకు సిద్ధం చేయడమే వాళ్ల పూర్తి ఉద్యోగం. 1955లో ఎమ్మా ప్లాంక్ అనే విద్యావేత్త అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగర ఆసుపత్రిలో మొదలుపెట్టిన విభాగం ఈ వృత్తికి పునాదుల్లో ఒకటి. మనోహరమైన పని. అయితే ఈ ఉద్యోగాలు అన్ని దేశాల్లో, అన్ని ఆసుపత్రుల్లో లేవు. నర్సు లేని పిల్లల వార్డు మాత్రం ప్రపంచంలో ఎక్కడా ఉండదు. పిల్లలు తమ నొప్పి ఎంతో చూపించడానికి వేలు పెట్టే ఆరు ముఖాల బొమ్మల పటం చూసే ఉంటావు. దాన్ని 1980ల మొదట్లో తయారుచేసినవారు డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు. ఇద్దరూ కలిస్తే పని ఎంత బాగుంటుందో చూడు.

నీకు నువ్వు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. పిల్లలకు ఇష్టంలేని పని చేసే మనిషిగా ఉంటూనే వాళ్ల నమ్మకం పొందగలవా? చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు ఎప్పుడూ సూది పట్టరు కాబట్టి పిల్లలు వాళ్లను చూసి ముడుచుకోరు. నర్సుకు ఆ సౌకర్యం లేదు. పొడిచిన చేత్తోనే తల నిమరాలి, "నువ్వంటే నాకు ఇష్టం లేదు" అన్న మాట విని మళ్లీ సాయంత్రం వెళ్లి పలకరించాలి. ఇది నీకు ఒప్పుకోదగినదిగా అనిపిస్తే నర్సింగ్‌కు వెళ్లు. సూది పట్టుకోవడమే నీకు పడకపోతే అమ్మ చెప్పిన దారి మంచిది, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఏడుపు గురించి. ఏడుపు రావడం అనర్హత కాదు. కళ్లు చెమర్చినా చేతులు తమ పని తాము చేస్తున్నాయా అన్నదే చూస్తారు, అది శిక్షణతో వస్తుంది. నేను ఎక్కువ భయపడేది ఏమీ అనిపించకుండా పోయిన నర్సుల గురించి. పెద్ద జబ్బుల వార్డుల్లో పిల్లలు చనిపోతారు. అప్పుడు తల్లిదండ్రుల దగ్గర మాట లేకుండా కూర్చోవడం, వాళ్లు అడిగితే బిడ్డ పాదముద్ర కాగితం మీద తీసి ఇవ్వడం, ఆ చిన్న ఒంటికి స్నానం చేయించడం నర్సు చేస్తుంది. ఆ తర్వాత అరగంటకే ఇంకో మంచం దగ్గర నవ్వు ముఖంతో ఉండాలి. ఇలాంటి రోజు తర్వాత తోటివాళ్లతో కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటున్న వార్డుల్లో మనుషులు నిలబడతారు. "గట్టిగా ఉండు" అని మాత్రమే చెప్పే చోట త్వరగా అలసిపోతారు. ఉద్యోగానికి వెళ్లిన రోజు జీతం గురించి అడిగినట్టే ఈ సంగతీ అడగాలి.

తల్లిదండ్రుల కోపం కూడా నర్సు మీదికే వస్తుంది. భయపడిన తండ్రి గట్టిగా అరుస్తాడు. బిడ్డకు తాగించడం, ఒళ్లు తుడవడం, ఊపిరితిత్తుల వ్యాయామానికి గాలి ఊదించడం లాంటి పని ఏదైనా అతని చేతికి ఇస్తే ఆ అరుపు చాలావరకు తగ్గుతుంది. పదమూడు పద్నాలుగేళ్ల వాళ్లది మరో రకం. వాళ్లకు బొమ్మలు పనికిరావు. తెర వేసి పరీక్ష చేయడం, అమ్మానాన్నలతో మాట్లాడే విషయాలు తమతోనూ సూటిగా చెప్పడం కావాలి. నర్సు తలుపు తట్టి లోపలికి వస్తే చాలు, సగం మొండితనం తగ్గుతుంది.

చదువు సంగతికి వస్తే, బ్రిటన్ లాంటి చోట మొదటినుంచీ పిల్లల నర్సింగ్‌లోనే డిగ్రీ చేయవచ్చు. ఎక్కువ దేశాల్లో ముందు సాధారణ నర్సింగ్ డిగ్రీ, రిజిస్ట్రేషన్, ఆపైన పిల్లల విభాగంలో అనుభవం లేదా పైచదువు. అంటే శిక్షణలో చాలా భాగం పెద్దవాళ్ల వార్డుల్లోనే గడుస్తుంది. డెబ్బై ఏళ్ల ముసలాయనకు పుండు కడగడం, పక్క మార్చడం కూడా నీ పనే. "నాకు పిల్లలంటే ఇష్టం" అని వచ్చి ఇక్కడే చదువు మానేసేవాళ్లు ఉన్నారు. రాత్రి డ్యూటీల గురించి మీ అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం, వాటిని తక్కువ చేసి చెప్పను. నిద్ర చెడుతుంది, పండుగ రోజున డ్యూటీ పడుతుంది.

సెలవుల్లో ఒక పని చేయి. పిల్లల ఆసుపత్రిలోనో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలోనో స్వచ్ఛంద సేవకు అనుమతి అడుగు. చదివి వినిపించడం, ఆడించడం లాంటి పనులు ఇస్తారు. అక్కడ చిరాకుపడే పిల్లవాడి దగ్గర నువ్వు ఎంతసేపు కూర్చోగలుగుతున్నావో చూసుకో, ముద్దొచ్చే పిల్లలతో ఎవరైనా కూర్చుంటారు. ఆ నర్సు ఇంకా అక్కడే ఉంటే వెళ్లి కలిసి, ఆమెకు ఈ పనిలో ఏది అన్నిటికంటే కష్టమో అడుగు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూడకు. పిల్లల వార్డులో శిక్షణ ఎన్ని వారాలు, విద్యార్థుల పక్కన ఉండి నేర్పేది ఎవరు, పసిపిల్లల నమూనా బొమ్మల మీద సాధన చేయించాకే వార్డుకు పంపుతారా, నొప్పి అంచనా వేయడం, ఆటలతో సిద్ధం చేయడం పాఠాల్లో ఉన్నాయా అని అడుగు. వీలైతే మీ అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లు. ఆమె అడగాలనుకున్నవి ఆమెనే అడగనివ్వు.