బాడుగల ఇల్లు కొంటున్నాం, లీజుకున్నోళ్ల డబ్బు మేం కట్టాలా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. రామ్‌నగర్ వైపు ఆరు పోర్షన్ల జీ ప్లస్ టూ ఇల్లు అమ్మకానికి ఉంది, 78 లక్షలు చెప్తున్నారు, నెలకు 39 వేలు బాడుగ వస్తుందంట. నా దగ్గర 25 లక్షలున్నాయి, మిగతాది హోమ్ లోన్ తీసుకుందామని. ఇంటి పెద్దాయన చనిపోతే ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు, వాళ్లమ్మ, ఒక చెల్లెలు ఉన్నారు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) క్లియర్‌గా ఉంది. కానీ ఒక పోర్షన్‌లో ఉండేవాళ్లు 4 లక్షలిచ్చి బాడుగ లేకుండా లీజుకు ఉన్నారని పక్కింటాయన చెప్పినాడు. అడ్వాన్స్ 5 లక్షలు క్యాష్ అడుగుతున్నారు. ఇచ్చేయొచ్చా? లేకుంటే బ్యాంకు వేలంలో కొనేది మేలా?

జవాబు: ఇప్పుడే ఇవ్వొద్దండి. ఇల్లు వదులుకోమని కాదు, ఆ ఇంట్లో ఉన్న ఆరు కుటుంబాలతో మీరు మాట్లాడేంతవరకు రూపాయి కూడా కదలకూడదు.

ఎందుకంటే ఈసీలో రిజిస్టర్ అయినవే కనిపిస్తాయి. మన సైడ్ ఈ లీజులు, భోగ్యాలు నూటికి తొంభై స్టాంపు పేపర్ మీద రాసుకొని బీరువాలో పెట్టుకునేవే, అవి ఈసీలో ఎక్కడ్నుంచి వస్తాయి. మాకు తెలీదు, ఈసీ క్లియర్‌గా ఉందని కొన్నాం అంటే కోర్టు వినదు. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 3లోనే ఉంది, ఆస్తిలో ఎవరైనా కాపురం ఉంటే వాళ్లకున్న హక్కు ఏందో కొనేవాడికి తెలిసినట్టే లెక్క. మీకైతే పక్కింటాయన చెప్పనే చెప్పినాడు. అదే యాక్ట్ సెక్షన్ 109 ప్రకారం పాత ఓనరు స్థానంలోకి మీరొస్తారు. ఆ 4 లక్షలు చట్టప్రకారం ఎవరివ్వాలనేది కోర్టులో వాదించుకోవచ్చు, కానీ అన్నదమ్ములు డబ్బు పంచుకొని పోయినాక ఆ కుటుంబం ఖాళీ చెయ్యమంటే మీ మొహమే చూస్తుంది, వాళ్లను తప్పు పట్టలేం, అది వాళ్ల కష్టార్జితం కదా.

అందుకే మీరే పోయి ఒక్కొక్క పోర్షన్ తలుపు తట్టి అడగండి, బాడుగ ఎంత, అడ్వాన్స్ ఎంత కట్టినారు, పేపర్ ఏమన్నా ఉందా, కరెంటు మీటరు వేరేగా ఉందా అని. బ్రోకర్‌ను వెంటబెట్టుకొని పోవద్దు. 39 వేలంటే పోర్షన్‌కు 6,500 చొప్పున ఆరూ కలిపి చెప్పినట్టుంది, లీజు పోర్షన్ నుంచి పైసా రాదు కాబట్టి మీ చేతికి వచ్చేది 32,500 మాత్రమే. తర్వాత అమ్మేవాళ్లు, మీరు, లీజుకున్నాయన ముగ్గురూ సంతకాలు పెట్టే కాగితం రాసుకోండి. రిజిస్ట్రేషన్ రోజు వాళ్లే 4 లక్షలు తిరిగిచ్చి ఖాళీ చేయిస్తారా, లేక ఆ 4 లక్షలు మీరు ధరలో పట్టుకొని ఆయన్ని మీ కింద కొనసాగిస్తారా, ఏదో ఒకటి తేల్చాలి. పట్టుకుంటే ఆ సంగతి సేల్ డీడ్‌లో కూడా రాయించండి, బ్యాంకుకు ముందే చెప్పండి. మిగతా పోర్షన్ల అడ్వాన్సులకూ ఇదే పద్ధతి.

లోన్ సంగతి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు హోమ్ లోన్‌కు ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు, అంటే 62.4 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, దగ్గర దగ్గర 5.85 లక్షలు, ఇది లోన్‌లో కలపరు. లోన్ పోను మిగిలిన 15.6 ప్లస్ ఈ 5.85, మీ 25 లక్షల్లో సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ప్లాన్ అప్రూవల్ ఎన్ని అంతస్తులకు ఉందో మీరు రాయలేదు, అసలు చూడాల్సింది అదే. జీ ప్లస్ వన్‌కే ఉండి పైది ఊరికే వేసుకున్నదైతే బ్యాంకు ఇంజనీరు దాన్ని లెక్కలోకి తీసుకోడు, విలువ 60 లక్షలు వేసినాడనుకోండి లోన్ 48కి పడిపోతుంది, మీరు చేతినుంచి 35 లక్షలకు పైన పెట్టాలి. డాక్యుమెంట్‌లో తక్కువ రేటు చూపిద్దాం అన్నా ఇదే దెబ్బ. ఇంకోటి, 62.4 లక్షలకు ఎనిమిదిన్నర శాతం మీద 20 ఏళ్లకు ఈఎంఐ 54 వేల పైనే. బాడుగ 32,500. నెలనెలా ఇరవై వేలకు పైగా జీతంలోంచి పోతుంది, పోర్షన్ ఖాళీ అయితే ఇంకా ఎక్కువ. ఇది ఇంట్లో కూర్చొని ముందే మాట్లాడుకోండి.

చెల్లెలి సంగతి కూడా చిన్నది కాదు. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చేసినాం అంటారు, ఆ మాటతో హక్కు పోదు. పెద్దాయన సొంతంగా సంపాదించిన ఇల్లై వీలునామా లేకుండా పోయింటే, భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురికీ సమాన భాగాలు. నలుగురూ సేల్ డీడ్‌లో సంతకం పెట్టాలి, లేదంటే చెల్లెలు, తల్లి తమ వాటా వదులుకుంటూ రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఇచ్చి ఉండాలి. స్థలం డీకేటీ పట్టాదేమో (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), 22ఏ లిస్టులో (రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితా) ఉందేమో కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించుకోండి.

క్యాష్ మాత్రం వద్దే వద్దు. ఇంటి లావాదేవీలో 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది, రేపు మీరిచ్చినట్టు రుజువూ ఉండదు. బ్యాంకు ద్వారానే ఇవ్వండి, అది కూడా అగ్రిమెంట్‌లో లోన్ రాకపోయినా, టైటిల్ తేడా వచ్చినా అడ్వాన్స్ ఇన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వాలని రాసినాకే. ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి కోసే ఇన్‌కమ్ ట్యాక్స్), 78 వేలు, మీరే కోసి కట్టాలి, అమ్మేవాళ్లందరి పాన్ నంబర్లు ముందే తీసుకోండి.

బ్యాంకు వేలం గురించి అడిగినారు. రేటు తగ్గేది నిజమే, కానీ ఉన్నది ఉన్నట్టు అమ్ముతారు, లోపలున్నోళ్లను ఖాళీ చేయించే తిప్పలు చాలాసార్లు కొన్నాయన నెత్తిమీదే పడతాయి. వేలం పాడిన రోజో మరుసటి పనిదినమో 25 శాతం కట్టాలి, మిగతాది కన్ఫర్మ్ అయిన 15 రోజుల్లో, బ్యాంకు ఒప్పుకుంటే గడువు కొంచెం పెరుగుతుంది. లోన్ మీద ఆధారపడే మీకు మొదటిసారికే అది వద్దంటాను.

ప్లాన్ కాపీ, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆ లీజు కాగితం జిరాక్స్ సంపాదించి పంపండి, చూసి అగ్రిమెంట్‌లో ఏమేం రాయించాలో చెప్తా.