గట్టు మీద ఆ పొలుసుల కుప్ప ఎవరిది?

ప్రశ్న: కోరింగ మడ అడవి పాయల్లోకి వేటకెళ్తే గట్టు మీద ఒకేచోట చేప పొలుసులు, ముళ్ళు కలిసిన పెంట కనిపిస్తోందండి, ఘాటు వాసన కూడా. కొందరు నీరుకుక్కలు (ఇంగ్లీషులో ఆటర్) అంటున్నారు, కొందరు బావురు పిల్లి (చేపలు పట్టే అడవి పిల్లి) అంటున్నారు. వలలు కూడా చిరుగుతున్నాయి. మనుషుల మీదకొస్తాయా? (ఒక పాఠకుడు, తాళ్లరేవు)

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి నీరుకుక్కలే అనిపిస్తోందండి. కోరింగలో బావురు పిల్లులు కూడా ఉన్నాయి కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు పక్కన బురదలో అడుగులు చూడండి, నీరుకుక్కకి ఐదు వేళ్ళూ పడతాయి, పిల్లికి నాలుగే.

ఒకేచోట కుప్పగా ఉందన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. అది ఒక్కదాని పని కాదు, కుటుంబం మొత్తం మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తుంది, ఈ పాయ మాది అని వేరే గుంపుకి తెలియాలి కదా, ఆ కబురు వాసనతోనే పంపుతాయి. అక్కడే ఇసుకలో దొర్లి ఒళ్ళు ఆరబెట్టుకుంటాయి కూడా. సరదాకి దొర్లుతున్నాయి అనుకుంటాం గానీ సీలు, తిమింగలాలకి ఉన్నట్టు వీటికి చర్మం కింద మందపాటి కొవ్వు పొర ఉండదు, చలి ఆపేదంతా బొచ్చే, పైన పొడుగు వెంట్రుకలు, కింద ఒత్తుగా మెత్తటి బొచ్చు, దాంట్లో గాలి నిలిస్తేనే ఒంటికి నీళ్ళు తగలవు. బొచ్చు మురికి పట్టి అట్టకడితే ఆ గాలి నిలవదు. అందుకే నీళ్ళు ఎంత ముఖ్యమో ప్రశాంతంగా ఉండే గట్టు కూడా అంతే ముఖ్యం, మనం గట్లు చదును చేసి చెట్లు కొట్టేస్తే నీళ్ళలో చేపలున్నా అవి అక్కడ ఉండలేవు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మన దేశంలో మూడు రకాలున్నాయి, మీ దగ్గరిది నున్నటి బొచ్చు రకం. పెద్దది ఏడు నుంచి పదకొండు కేజీలు, తోక చివర బల్లపరుపుగా ఉంటుంది. తల్లి, తండ్రి, పిల్లలు కలిసే తిరుగుతాయి, ఒక్కోసారి వరసగా ఈదుతూ చేపల్ని ముందుకి తరిమి పడతాయి. పిల్లలకి పుట్టగానే ఈత రాదు, తల్లే నీళ్ళలోకి దించి అలవాటు చేస్తుంది.

వల సంగతంటారా, చిక్కుకున్న చేప వాటికి సులువుగా దొరికే తిండి, కాబట్టి వల చింపుతాయి, ఆ నష్టం నిజమే, కాదనను. రాత్రంతా వల వదిలేయకుండా తొందరగా లాగేస్తే కొంత తగ్గుతుంది. ఊరికే మనుషుల మీదకి రావు, కానీ పిల్లలున్నప్పుడు దగ్గరికెళ్తే కరుస్తాయి, పళ్ళు చాలా గట్టివి. పిల్ల ఒంటరిగా కనిపిస్తే మాత్రం దయచేసి ఇంటికి తేకండి, తల్లి దగ్గర్లోనే వేటలో ఉండొచ్చు. దూరం నుంచి గమనించండి, ఎంతకీ రాకపోతే ఫారెస్ట్ వాళ్ళకి చెప్పండి. పెంపుడు జంతువులుగా అమ్మడానికి వీటిని పట్టుకోవడం ఎక్కువైపోయే 2019లో అంతర్జాతీయంగా వీటి వ్యాపారాన్ని నిషేధించారు, మన చట్టం ప్రకారం పట్టుకున్నా చంపినా కేసే.