ద్వీపంలో గూబ తిండి లెక్క తీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, హనుమకొండ నుండి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. మేమందరం ఇక్కడ క్షేమం. నీవు పరిశోధన కోసం అండమాన్ వెళ్తున్నావనీ, అక్కడి గూబ ఏమి తిని బతుకుతుందో లెక్క తీస్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించి, పాడుబడిన గడీలలో చావుపిట్టలు అనే గూబలు కక్కిన ఉండలు, అంటే అరగని ఎముకలూ వెంట్రుకలూ కలిసిన ముద్దలు, ఏరినవాడిని కనుక, నాకు తోచిన మాటలు వ్రాస్తున్నాను.

బిడ్డా, చావుపిట్ట అంటే ఎలుకలు తినే పక్షి అనే మాటను ముందుగా మనసులోంచి తీసివేయి. వరిపొలాల పక్కనున్న గడీలో ఉండను విప్పితే పందికొక్కు, చిట్టెలుక, చుంచు ఎముకలే ఎక్కువగా కనబడతాయి కాబట్టి మనకు అలా అనిపిస్తుంది. నిజానికి అది రాత్రిపూట సులువుగా చిక్కినదానిని తింటుంది. కేప్ వెర్డీ దీవులలో సముద్రపక్షులను, బల్లులను కూడా పట్టుకుంటుంది. గలాపగోస్‌లో ఎలుకలతో పాటు మిడుతల వంటి పురుగులనూ తింటుంది. ఎలుకలను అణచడానికని 1949లో సీషెల్స్‌కు గూబలను తెచ్చి వదిలితే, అవి ఎలుకల కంటే సులువుగా దొరికే తెల్లని సముద్రపక్షుల మీద పడ్డాయి. 1958 నుండి హవాయిలో వదిలిన గూబలు కూడా సముద్రపక్షులకు ముప్పుగానే తేలాయి. అందుచేత గూబ ఏమి తిన్నదని అడగడానికి ముందు, నీవు వెళ్లే దీవిలో తినడానికి ఏమేమి ఉన్నాయో, ఏ నెలలో ఏ పక్షి గూడు పెడుతుందో ఒక పట్టిక వేసుకో. ఆ పట్టిక లేకపోతే నీ లెక్కకు అర్థం ఉండదు.

ఉండలను ఉత్త చేతులతో ముట్టకు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పళ్లెంలో పట్టకారుతో మెల్లగా విప్పు. తడిసిన బూడిదరంగు వెంట్రుకల నడుమ నుండి బియ్యపు నూక వంటి పళ్లతో చిన్న దవడ బయటపడుతుంది. ముందరి పళ్లు పసుపు, నారింజ రంగులో ఉండి, వాటికీ వెనుక పళ్లకూ నడుమ ఖాళీ ఉంటే ఎలుక జాతి. ఖాళీ లేకుండా ముళ్ల వంటి తెల్లని పళ్లు వరుసగా ఉంటే చుంచు. బల్లి దవడ సన్నగా, దువ్వెన వలె సమానమైన చిన్న పళ్లతో ఉంటుంది. ఎడమ దవడలనూ కుడి దవడలనూ విడివిడిగా లెక్కించి, ఏది ఎక్కువైతే దానినే తీసుకో. లేకపోతే ఒకే ఎలుకను రెండుసార్లు లెక్కిస్తావు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. మొదటి ఏడాది దవడల కోసమే వెదుకుతూ, అడుగున మిగిలిన నల్లని పొట్టును మట్టి అనుకొని పారబోసినాను. అవి మిడుతల కాళ్లూ పురుగుల పెంకులూ అని మరుసటి ఏడాది భూతద్దం కింద చూసిన తరువాతనే తెలిసింది. అయితే ఇరవై మిడుతలు కలిసినా ఒక పందికొక్కుకు సరితూగవు కాబట్టి, సంఖ్యను ఒక వరుసలో, బరువు అంచనాను మరో వరుసలో వ్రాయాలి.

ఐర్లాండ్‌లో 2007లో ఏరిన గూబ ఉండలలోనే, ఆ దీవిలో ఉందని ఎవరికీ తెలియని ఒక చుంచు జాతి దొరికింది. కనుక గుర్తుపట్టని ఎముకను పారవేయక, తేదీ వేసి డబ్బాలో దాచు.

అండమాన్ తేమలో ఉండలు త్వరగా చెడిపోతాయి, పురుగులు వెంట్రుకలను కొరికివేస్తాయి కూడా. నెలకొకసారి కాదు, వారానికొకసారైనా ఏరాలి. ఒక కాలం లెక్కతో ముగించకు. వానకాలం, ఎండకాలం రెండూ దాటించు. గూటి దగ్గరికి మాత్రం పోకు, పిల్లలున్నప్పుడు తల్లి బెదిరితే తిరిగి రాకపోవచ్చు. అటవీశాఖ అనుమతి ముందే చేతిలో ఉండాలి. నా ఇత్తడి భూతద్దం మీ అమ్మకు ఇచ్చి పంపుతున్నాను, దాని పిడి కొంచెం వదులైంది, దారం చుట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య